పలకగనుల ఊళ్ళో ఒరిగిన గోడ

ఈమధ్య ఐసెలిన్ అనే ఊళ్ళో తెలిసినవాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. ఈ ఏడాదే ఇంజనీరు లైసెన్సు చేతికొచ్చిన వాళ్ళమ్మాయి పెరుగన్నం కలుపుకుంటూ నన్నో మాట అడిగింది. "ఆంటీ, మీరు థర్టీ ఇయర్స్ ప్రాక్టీస్ చేశారు కదా. ఎప్పుడైనా రాంగ్ రిపోర్ట్ సైన్ చేశారా?"

వాళ్ళమ్మ "అదేం ప్రశ్నే!" అని కసిరింది.

"చేశాను. ఒక చర్చిని మూయించబోయాను" అన్నాను.

ఆ అమ్మాయి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఆ పూట చెప్పగలిగినంత చెప్పాను గానీ, మధ్యలో ఎవరో పాయసం తెచ్చారు, ఇంకెవరో ఇళ్ళ ధరల గురించి మొదలుపెట్టారు. సగంలో ఆగింది. ఆ సగం ఆమెకి బాకీ పడ్డట్టు అనిపించి ఇది రాస్తున్నాను. ఆమెలాంటి వాళ్ళు ఇంకెవరైనా చదివితే మరీ సంతోషం.

నేను స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని. కట్టడం నిలబడుతుందా, పడిపోతుందా అని చెప్పడం నా పని. ఈ దేశంలో లైసెన్సు ఉన్న ఇంజనీరు రిపోర్టు రాసి ముద్ర వేస్తే, ఇక దాని మీద వాదించేవాళ్ళు ఉండరు. ఇన్సూరెన్స్ కంపెనీ నమ్ముతుంది, కోర్టు నమ్ముతుంది, అన్నిటికంటే ప్రమాదంగా రాసినవాళ్ళే నమ్మేస్తారు.

పదిహేను మంది ఉన్న చిన్న కంపెనీలో పనిచేశాను. నా చేతిమీదుగా వెళ్ళినవన్నీ పార్కింగ్ గ్యారేజీలు, స్కూలు జిమ్‌లు, గోదాములు. ఉక్కు తెలుసు, కాంక్రీటు తెలుసు. పాత రాతి కట్టడాలు చూసే పెద్దాయన ఒకరు మాకు ఉండేవారు. ఆయన రిటైరై ఫ్లోరిడా వెళ్ళిపోయిన రెండు నెలలకే ఈ ఫైలు వచ్చింది. మా బాస్ దాన్ని నా టేబుల్ మీద పెట్టి, "చిన్న చర్చి, ఒక గోడ. ఒక పూట పని" అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. ఇది జరిగి పదేళ్ళు దాటింది.

చర్చి ఉన్నది పెన్సిల్వేనియా తూర్పు కొండల్లో, మా ఆఫీసు నుంచి రెండు గంటల దారి. ఒకప్పుడు అక్కడ పలకరాయి గనులుండేవి. ఇంటి కప్పులకీ, బడిపిల్లల పలకలకీ రాయి అక్కణ్ణుంచే వెళ్ళేది. ఇప్పుడు గనులన్నీ నీళ్ళు నిండిన గుంటలు. ఊళ్ళో ఒక పోస్టాఫీసు, ఒక ఫైర్ స్టేషను, ఒక పిజ్జా కొట్టు, గుట్ట మీద ఈ చర్చి.

అక్టోబరు చివర, ముసురు పట్టిన రోజున వెళ్ళాం. నాతో మా ఆఫీసులో కట్టడాల కొలతలు తీసే లేజర్ స్కానర్ చూసుకునే అతను వచ్చాడు. కరీంనగర్ వైపు వాడు, నాకంటే పదేళ్ళు చిన్న, పనిలో నాకంటే నిదానం. వీసా మీద ఉన్నాడు, గ్రీన్ కార్డు కోసం ఏళ్ళ తరబడి వరసలో నిలబడి ఉన్నాడు. నన్ను అక్కా అనేవాడు.

తాళాలు పట్టుకుని ఎదురుచూస్తున్న ఆవిడకి ఎనభై ఏళ్ళుంటాయి. స్కూలు బస్సు డ్రైవరుగా చేసి రిటైరయిందట. చర్చి తుడవడం, గంట కొట్టడం, చలికాలంలో హీటరు వెయ్యడం అన్నీ ఆవిడే. గొడుగు లేదు. వానలో తడుస్తూనే, పెళ్ళిచూపుల్లో పిల్లని చూపించినంత ముచ్చటగా చర్చినంతా తిప్పి చూపించింది.

మొదట గేటు. దానికొక చిన్న కప్పు ఉంది. "శవపేటిక ఇక్కడ దించి, పాస్టరు కోసం ఆగుతారు" అంది. తర్వాత దక్షిణం వైపు రాతి వసారా, అందులో అటూ ఇటూ రాతి అరుగులు. అచ్చం మన వీధరుగులే. లోపల పొడవాటి గది, వరసకి పన్నెండు బెంచీలు. దాని చివర ఇంకో చిన్న గది, అందులో బలిపీఠం. ఆ చిన్న గది పెద్దగదికి తిన్నగా లేదు, కొంచెం ఎడమకి తిరిగి ఉంది. పైన సీలింగు లేదు. ఓక్ వాసాలు, దూలాలు పడవ బోర్లించినట్టు కనబడతాయి. పడమటి గోడ మీద చిన్న కమాను, అందులో ఒకటే గంట.

"ఇది ఇంగ్లండ్‌లో మా వాళ్ళ ఊరి చర్చి" అందావిడ.

"అలాంటిదా?" అన్నాను.

"అలాంటిది కాదు. అదే" అంది.

గనుల్లో పనికని ఒకే ఊరి నుంచి చాలా కుటుంబాలు వచ్చాయట. మొదట్లో ఒక పశువుల కొట్టంలో ప్రార్థన చేసుకునేవారు. తర్వాత గనిలో పని దిగాక సాయంత్రాలు రాళ్ళు మోసుకుని, రెండు వేసవుల్లో దీన్ని కట్టారు. ప్లాను గీసినవాళ్ళు లేరు. అందరూ చిన్నప్పటి నుంచీ కూర్చున్న చర్చే కాబట్టి జ్ఞాపకంతోనే కట్టుకుంటూ పోయారు. అక్కడి చర్చి నుంచి ఊడిపడిన ఒక రాతి తలకాయని ఒకావిడ బట్టల పెట్టెలో చుట్టి తెచ్చింది. అది వసారా గోడలో ఉంది. ముక్కు అరిగిపోయింది.

నేను ఇవన్నీ వింటున్నట్టు తలూపాను. నిజానికి గడియారం చూసుకుంటున్నాను. మధ్యాహ్నం ఇంకో ఊళ్ళో ఒక గ్యారేజీ దగ్గర కాంక్రీటు పోస్తున్నారు. నేను అక్కడ ఉండాలి.

నేను చూడాల్సింది ఉత్తరపు గోడని. గుండు వేలాడదీసి చూస్తే నడిమధ్యలో నాలుగంగుళాలు బయటికి ఒరిగి ఉంది. గోడ బయట కింది భాగంలో పగుళ్ళు, కొన్ని రాళ్ళ మొహాలు పెచ్చులూడి ఉన్నాయి. గోడ మధ్యలో ఒక తలుపు ఆకారం, కమానుతో సహా, రాళ్ళతో మూసేసి ఉంది.

"ఈ గోడ ఎప్పటినుంచి ఇలా ఉంది?" అని అడిగాను.

"నాకు తెలిసినప్పటి నుంచీ ఇలాగే ఉంది హనీ. మా అమ్మ కూడా ఇలాగే ఉండేదని చెప్పేది."

నవ్వి ఊరుకున్నాను. నా ఉద్యోగంలో కూలడానికి సిద్ధంగా ఉన్న ప్రతి ఇంటి యజమానీ ఇదే మాట చెప్పాడు. అందులో కొన్ని కూలాయి కూడా.

పైకెక్కి వాసాల కీళ్ళు చూడటానికి పరంజా లేదు. బైనాక్యులర్స్‌తో కిందనుంచే చూశాను. చీకటిగా ఉంది. ఫోటోలు తీశాను. అతను స్కానింగ్ ముగించాడు. బయల్దేరాం.

తిరుగు దారిలో కారు నేనే నడుపుతున్నాను. గ్యారేజీ కాంట్రాక్టరు ఫోన్లో నామీద అరుస్తున్నాడు. ట్రక్కులు వచ్చి నిలబడ్డాయట. పక్క సీట్లో అతను ల్యాప్‌టాప్ తెరిచి స్కాన్ చూస్తూ అన్నాడు, "అక్కా, గోడైతే ఒరిగింది గానీ పైన కొప్పు సక్కగనే ఉంది. దారం గుంజినట్టు ఉంది." కొప్పంటే కప్పు రెండు వాలులూ పైన కలిసే అంచు.

"ఊఁ, తర్వాత చూద్దాం" అన్నాను, ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి.

ఆ తర్వాత అనేది రాలేదు.

నా రిపోర్టు ఏమంటే: కప్పు బరువుకి వాసాల అడుగు కొసలు గోడల్ని బయటికి తోస్తాయి. ఆ తోపుని పట్టి ఉంచడానికి గోడనుంచి గోడకి అడ్డదూలాలు లేవు. కాబట్టి గోడ ఒరుగుతోంది. మధ్యలో ఉన్న తలుపుని ఎప్పుడో మూసేసినప్పుడు సరిగ్గా కలిపి కట్టలేదు, అక్కడ ఇంకా బలహీనపడింది. పగుళ్ళు కొత్తవి, కాబట్టి కదలిక ఇంకా సాగుతోంది. మంచు బరువు పడేలోగా గోడకి ఊతం పెట్టాలి, లోపలికి ఎవరినీ రానివ్వకూడదు. సంతకం, ముద్ర.

చదివితే ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. ఒక వాక్యం నుంచి ఇంకో వాక్యం పుట్టుకొచ్చినట్టు ఉంటుంది. ఒక్క వాక్యం కూడా చేత్తో ముట్టుకుని రాసింది కాదు.

సంఘంలో మిగిలింది ఇరవై మంది ముసలివాళ్ళు. చర్చి ఆస్తులు చూసే పై కార్యాలయం వాళ్ళకి ఇలాంటి చర్చిలు చాలా ఉన్నాయి, భారంగానే ఉన్నాయి. నా రిపోర్టు అందిన వారంలోనే నిర్ణయం అయిపోయింది. ముందు గోడకి ఊతం, క్రిస్మస్‌కి ముందు ఆదివారం ఆఖరి ఆరాధన, అదీ చర్చిలో కాదు, బయట గడ్డి మీద. వేసవిలో కట్టడం విప్పేసి స్థలం అమ్మేస్తారు.

తాళాలావిడ నాకు ఫోన్ చేసింది.

"హనీ, నువ్వు రూఢిగా చెబుతున్నావా?"

"అవునండీ. క్షమించండి."

"సరే అయితే. చదువుకున్నదానివి, నీకు తెలుస్తుంది" అంది. అందులో ఎగతాళి లేదు. అందుకే ఆ మాట ఇన్నేళ్ళయినా నాకు గుర్తుండిపోయింది.

డిసెంబరు మొదట్లో ఒక గురువారం ఊతాలు పెట్టడానికి వెళ్ళాం. నా రిపోర్టు ప్రకారమే, నా డ్రాయింగు ప్రకారమే. కాంట్రాక్టరు మనుషులు లోపల బెంచీలు జరిపి, దూలాల దాకా ఇనుప పరంజా కట్టారు. ఊతం ఏ దూలం కింద ఎక్కడ ఆనాలో నేను సుద్దతో గుర్తులు పెట్టాలి. అప్పటికి నాకు యాభై ఆరేళ్ళు, మోకాళ్ళు అప్పుడే మొరాయిస్తున్నాయి. మెల్లగా ఒక్కో మెట్టే ఎక్కాను.

పైన వెచ్చగా ఉంది. పాత చెక్క వాసన. గోడ ఎక్కువ ఒరిగిన చోట, మధ్య వాసాల జత దగ్గరికి వెళ్ళాను. రెండు వాసాలు పైన కలిసే చోట, ఒకదాని చివర నాలుకలా చెక్కి, రెండోదాని బెజ్జంలోకి దూర్చి, చెక్కమేకు దిగ్గొట్టారు. నా లెక్క ప్రకారం ఆ కీలు నోరు తెరుచుకుని ఉండాలి. గోడ నాలుగంగుళాలు బయటికి వెళ్ళిందంటే వాసం అడుగు దాంతోపాటే వెళ్ళింది. అడుగు జరిగితే పైన కీలు విడాలి, మేకు వంగాలి, కొప్పు కుంగాలి.

కీలు బిగుతుగా ఉంది. జేబులోంచి నా విజిటింగ్ కార్డు తీసి సందులో పెట్టి చూశాను. దూరలేదు. పక్క జత దగ్గరికి పాకాను. అక్కడా దూరలేదు. మేకులు బాణాల్లా తిన్నగా ఉన్నాయి.

కిందకి కేకేశాను. "టేప్ పట్టుకుని పైకి రా!"

అతను వచ్చాడు. ఇద్దరం కొలిచాం. తూర్పు గోడ దగ్గర, ఒరుగు లేని చోట, ఉత్తరం వైపు వాసం పొడవు ఎంతుందో చూశాం. తర్వాత మధ్యలో ఉన్నది. మధ్యలోది దాదాపు మూడంగుళాలు ఎక్కువ. దాని పక్కది రెండు ఎక్కువ. ప్రతి వాసం మీదా వడ్రంగి ఉలితో గీతలు చెక్కాడు. ఇది ఫలానా చోటిది, ఇది ఫలానా జత అని. పొడుగు వాసానికి, ఇది పొడుగుదని తెలిసేలా, వేరే గీత ఉంది.

"ఇది సాగింది కాదు, అక్కా," అన్నాడతను మెల్లగా. "పొడుగే కోసిండ్రు."

అంతే. వడ్రంగి కప్పు వెయ్యడానికి వచ్చేసరికే గోడ ఒరిగి ఉంది. మొదటి వేసవిలో గోడ లేపారు, చలికాలం పనాపారు, తడి సున్నం ఆరకముందే ఉత్తరం వైపు నేల కొద్దిగా కుంగింది. రెండో వేసవిలో వచ్చి చూసి, ఒరిగిన గోడమీదే పైమూడు అడుగులూ గుండు వేసి నిలువుగా కట్టారు. ఆ మూడు అడుగులూ స్కాన్‌లో స్పష్టంగానే ఉన్నాయి, నేనే చూడలేదు. వడ్రంగి ఎక్కడికక్కడ కొలుచుకుని వాసాలు పొడుగు కోసుకున్నాడు. ఆ తర్వాత ఆ గోడ ఒక్క నూలు కూడా కదలలేదు. కదిలి ఉంటే ఈ కీళ్ళు చెప్పేవి.

పరంజా మీద అలాగే కూర్చుండిపోయాను. ముందు గుండెల మీంచి పెద్ద బరువు దిగిపోయింది. గోడ పడదు. ఆ సంతోషం ఒక నిమిషం కూడా ఉండలేదు. గోడ పడదు సరే, నేను దాన్ని పడగొట్టడానికి సంతకం చేసి కూర్చున్నాను.

"ఆ రోజు కార్లో నువ్వు కొప్పు సంగతి చెప్పావు కదా?" అన్నాను.

అతను తలూపాడు.

"మళ్ళీ ఎందుకు చెప్పలేదు?"

అతను టేపుని మెల్లగా లోపలికి చుట్టుకున్నాడు. "ఒకసారి చెప్పిన కదక్కా. మీరు ఫోన్ల ఉన్నరు. తర్వాత రిపోర్ట్ సైన్ అయిపోయింది. నేనేమో వీసా మీదున్నోన్ని. సీనియర్ సైన్ చేసినంక మళ్ళ మళ్ళ ఏమని అడ్డం జెప్త?"

ముప్పై ఏళ్ళ కిందట నేనూ అదే వీసా మీద, అలాంటి కారులోనే, అలాగే నోరు మూసుకుని కూర్చున్నదాన్ని. ఇది చదివే పిల్లలకి నేను చెప్పగలిగింది ఏమన్నా ఉంటే ఇదొక్కటే. రెండోసారి చెప్పే ధైర్యం లేని మనిషి మాటని మొదటిసారే వినాలి.

కిందికి దిగి ఫోర్‌మన్‌తో పని ఆపమన్నాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు.

"మేడమ్, గోడ కూలుతుందని మీరే రాశారు. నా మనుషుల్ని రప్పించాను. ఇప్పుడు కూలదంటారా?"

"కూలదు."

"రాసివ్వండి."

అతని ట్రక్కు బానెట్ మీద కాగితం పెట్టి రాసిచ్చాను. చలికి పెన్ను మొరాయించింది. సంతకం రెండుసార్లు పెట్టాల్సి వచ్చింది.

వసారాలో తాళాలావిడ పాటల పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతోంది. మూడు పెట్టెలు అప్పటికే టేపు వేసి ఉన్నాయి. నేను వెళ్ళి ఆవిడ ఎదురుగా రాతి అరుగు మీద కూర్చున్నాను. వాసాల సంగతి చెప్పాను. ఆవిడ చేతిలో పుస్తకం అలాగే పట్టుకుని వింది.

"మరి మొన్న రాసింది?"

"తప్పు. నేను సరిగ్గా చూడకుండా రాశాను."

ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. పడితే బాగుండుననీ అనుకున్నాను. ఆవిడ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని గుట్ట కిందికి చూసింది.

"బస్సు నడిపినన్ని ఏళ్ళలో నేను ఒక్కసారే దారి తప్పాను. మంచు పడుతోంది. వెనకాల ముప్పై మంది పిల్లలు. దారి తప్పామని వాళ్ళతో చెప్పడానికి నాకు అరగంట పట్టింది" అంది. "నువ్వు నయం. మెట్లు దిగి తిన్నగా వచ్చావు."

తర్వాత లేచి, టేపు వేసిన పెట్టె ఒకటి నా వైపు తోసింది. "ఊరికే కూర్చోకు. విప్పు."

ఇద్దరం కలిసి ఆ మూడు పెట్టెలూ విప్పాం.

బాస్‌కి కారులోంచే ఫోన్ చేశాను. ఆయన మనుషుల మీద అరిచే రకం కాదు. అరిస్తే నయమనిపించే రకం. అంతా విని "రేపు పొద్దున వస్తాను, పరంజా విప్పనివ్వకు" అన్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, చెవిలో మిషను, మర్నాడు నా ముందే పరంజా ఎక్కాడు. జేబుకత్తి తీసి ప్రతి కీలులోనూ మొన పెట్టి చూశాడు. కొన్ని వాసాలు తనే మళ్ళీ కొలిచాడు. కిందికి దిగాక చేతులు దులుపుకుంటూ అన్నాడు:

"గోడ బాగానే ఉంది. ఒరిగింది నీ రిపోర్టు."

"సవరణ రాస్తాను" అన్నాను.

"సవరణ కాదు. దానికి ఊతాలు పెట్టకు. పడగొట్టి కొత్తది రాయి. కొప్పు తిన్నగా ఉందని మొదట చూసిందెవరో అందులో రాయి."

రాశాను. మొదటి పేజీలోనే, స్కాన్ చేసిన ఇంజనీరు ఆ సంగతి ముందే గమనించాడనీ, నేను పట్టించుకోలేదనీ. నా ఉద్యోగంలో అన్నిటికంటే కష్టపడి రాసిన పేరా అదే.

మరి పగుళ్ళు? అవి నిజమే, కొత్తవే. కానీ వాటికీ ఒరుగుకీ సంబంధం లేదు. కొన్నేళ్ళ కిందట సంఘంలో మంచివాళ్ళు కొందరు ఓపిక చేసుకుని గోడకి మరమ్మతు చేశారు. రాళ్ళ సందుల్లో పాత సున్నం గీకేసి సిమెంటు కూరారు. సున్నమైతే గోడలో తడిని బయటికి వదిలేస్తుంది, సిమెంటు వదలదు. పైగా ఆ వైపు చూరు గొట్టం పగిలి నీళ్ళన్నీ గోడ మొదట్లోనే పడుతున్నాయి. చలికాలం ఆ తడి లోపలే గడ్డకట్టి ఉబ్బి, రాళ్ళ మొహాలు పేల్చేస్తోంది. గొట్టం మార్చాలి, సిమెంటు గీకి మళ్ళీ సున్నం పెట్టాలి. అంతే. ఇది మా రిటైరైన పెద్దాయన ఫ్లోరిడా నుంచి ఫోటో చూసి ఫోన్లో రెండు నిమిషాల్లో చెప్పాడు. అక్టోబరులోనే ఆయనకి ఫోన్ చెయ్యాలని నాకు తట్టలేదు. తట్టినా అహం అడ్డం వచ్చేదేమో.

కానీ ఒకసారి కూలుతుందన్న ఇంజనీరే ఇప్పుడు కూలదంటే ఇన్సూరెన్స్ వాళ్ళు ఊరుకుంటారా? ఒక చలికాలం అంతా గోడని గమనించి, కదలడం లేదని చూపించమన్నారు. న్యాయమే. పగుళ్ళ మీద గీతలున్న చిన్న ప్లాస్టిక్ పలకలు బిగించాం. పగులు వెంట్రుకవాసి కదిలినా గీత జరుగుతుంది. సంఘం ఫైర్ స్టేషను హాల్లో ప్రార్థన చేసుకుంది. తాళాలావిడకి గీతలు చదవడం నేర్పించాను. ప్రతి ఆదివారం పన్నెండింటికి ఫోన్ మోగేది.

"కదల్లేదు" అనేది. పెట్టేసేది.

ఆ జనవరిలో మోకాళ్ళ లోతు మంచు పడింది. కప్పు మీద ఎంత బరువుందో లెక్క కట్టడం నాకు వచ్చు, అదే నా ఖర్మ. ఆ ఆదివారం పన్నెండున్నర అయినా ఫోన్ రాలేదు. నేనే చేశాను. ఎత్తలేదు. ఒంటిగంటకి ఆవిడే చేసింది. "దారి తవ్వుకుని వెళ్ళేసరికి ఆలస్యమైంది హనీ. కదల్లేదు. నువ్వు అన్నం తిను" అంది. నేను తినలేదని ఆవిడకి ఎలా తెలిసిందో!

ఫిబ్రవరిలో ఆవిడ ఇంకో పని చేసింది. ఇంగ్లండ్‌లో ఆ ఊరి చర్చికి ఉత్తరం రాసింది. వాళ్ళు ఫోటోలు పంపారు. ఒకటి తీసి నాకు మెయిల్ చేయించింది. ఉత్తరపు గోడ మధ్యలో మూసేసిన తలుపు. అదే కమాను, అదే చోటు. అక్కడ ఆ తలుపు వందల ఏళ్ళ కిందట నిజంగా తలుపే, తర్వాతెప్పుడో మూసేశారు. గనివాళ్ళకి అది తెలియదు. వాళ్ళు పుట్టినప్పటి నుంచీ అది మూసేసిన తలుపే. అందుకని ఇక్కడ మూసేసిన తలుపునే కట్టారు. దాంట్లోంచి ఎవరూ ఎప్పుడూ నడవలేదు. తర్వాత ఇక్కడి తలుపుని దగ్గరగా చూస్తే, లోపలి రాళ్ళు గోడ రాళ్ళలోకి అల్లుకునే ఉన్నాయి.

అక్కడ తరతరాలుగా ఒక్కొక్కటీ పేరుకున్న మార్పుల్ని ఇక్కడ రెండు వేసవుల్లో ఒకేసారి కట్టేశారు. పక్కకి తిరిగిన బలిపీఠం గదీ అంతే. నేను మాత్రం ఆ తలుపు మీద నా రిపోర్టులో ఒక పూర్తి పేరా రాశాను. ఎప్పుడు తెరిచారు, ఎప్పుడు మూసి ఉంటారు, ఎలా బలహీనపడింది, అన్నీ.

"చూశావా," అంది ఫోన్లో, "అదే అని చెప్పానా లేదా?"

"చెప్పారు."

"నువ్వు గడియారం చూసుకుంటున్నావు."

ఏప్రిల్‌లో ఆఖరి కొలతలు పంపాం. ఇన్సూరెన్స్ వాళ్ళు ఒప్పుకున్నారు. పై కార్యాలయం వాళ్ళు కూడా, ఊళ్ళో ఇంత హడావిడి జరిగాక, అమ్మకం సంగతి ఎత్తలేదు. ఈస్టర్ వెళ్ళిన రెండో ఆదివారం చర్చి తెరిచారు. పాస్టరమ్మ నన్నూ, మా స్కానింగ్ అతన్నీ రమ్మని పిలిచింది. నేను పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. ఎందుకో అలా అనిపించింది.

లోపలికి వెళ్ళి, వినయంగా ఉంటుందని, వెనక వరసలో తలుపు దగ్గర కూర్చోబోయాం. తాళాలావిడ వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

"అక్కడ కాదు."

తీసుకెళ్ళి ఉత్తరపు గోడ పక్కన, సరిగ్గా నాలుగంగుళాలు ఒరిగిన చోట ఉన్న బెంచీ చూపించింది. అప్పుడు గమనించాను. ఆ వైపు బెంచీలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఆ ముసలివాళ్ళంతా దక్షిణం వైపే ఒదిగి కూర్చున్నారు. వాళ్ళ తప్పు లేదు. గోడ కూలుతుందని ముద్ర వేసి చెప్పింది నేనే.

వెళ్ళి గోడవైపు చివర కూర్చున్నాను. రాతి చల్లదనం జాకెట్టులోంచి భుజానికి తగిలింది. అతను నా పక్కన కూర్చుని, పైకొకసారి చూసి, "అక్కా, మంచిగనే ఉంది" అని గొణిగాడు. తాళాలావిడ మా ముందు బెంచీలో కూర్చుంది. కాసేపటికి ఒక పెద్దాయన చేతికర్ర పట్టుకుని నడవ దాటి ఇటు వచ్చాడు. ఆయన వెనక ఆయన భార్య. తర్వాత ఇంకో ఇద్దరు. పాట మొదలయ్యేసరికి ఈ వైపు బెంచీల్లోనూ మనుషులున్నారు.

పాట అయింది. పాస్టరమ్మ ప్రసంగం మొదలుపెట్టింది. మంచి మనిషి, మంచి గొంతు, మంచి ప్రసంగమే అయి ఉంటుంది. నేను చెప్పలేను. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా మంచు పడ్డ ప్రతి రాత్రీ నేను ఆ కప్పుని మోస్తూనే పడుకున్నాను. ఇప్పుడు ఆ కప్పు కిందే కూర్చుంటే, దాన్ని మొయ్యాల్సిన పని నాకు లేదని మొదటిసారి ఒంటికి తెలిసింది. తల పక్కకి వాలింది. గోడ ఆనింది.

అతను మోచేత్తో పొడిచేసరికి అందరూ లేచి నిలబడి ఉన్నారు, నేను తప్ప. ముందు బెంచీలోంచి తాళాలావిడ వెనక్కి తిరిగి నన్నే చూస్తోంది.

"లేపకు బాబూ, పడుకోనీ" అంది అతనితో, చర్చి అంతా వినబడేలా. "ఈ గోడకి ఆవిడ ఇచ్చిన మంచి సర్టిఫికెట్ ఇదే."